పదిహేడో నంబరు బండి పశ్చాద్గమనం

పశువాహిని పథకం కింద శాఖ వారు నలభై బండ్లు కొన్నారు. అందులో పదిహేడో నంబరు బండి పెదగరువు పశువుల ఆసుపత్రికి వచ్చింది. దానికి డ్రైవరు తవిటినాయుడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతను నీళ్ల ట్యాంకరు నడిపాడు, ఎన్నికల పెట్టెలు మోసే లారీ నడిపాడు, ఒక వరదలో ట్రాక్టరు మీద తహసీల్దారు గారిని దాటించాడు. గేర్లు వాటంతటవే పడే బండి మాత్రం ఇదే మొదటిది. పంపకాల రోజు వేదిక మీద ఒక పెద్దాయన, "ఇకపై డ్రైవరు ఆలోచించనక్కర్లేదు, బండే ఆలోచిస్తుంది" అన్నారు. తవిటినాయుడు అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

పది నెలలు బండి బాగానే ఆలోచించింది. ఆ తర్వాత, వానలు వెనకబట్టిన ఒక మంగళవారం, ఘాట్ రోడ్డు మొదట్లో దాని ముందు పలక మీద పళ్లచక్రం బొమ్మ పసుప్పచ్చగా వెలిగింది. స్పీడు ముల్లు సున్నా మీద పడిపోయింది. బండి మూడో గేరులో బిగుసుకుపోయింది. చదునులో ఈడ్చుకుంటూ నడుస్తుంది, ఎత్తు ఎక్కమంటే మాత్రం ఎక్కదు. ఎంత తొక్కినా ఒకటో గేరు పడలేదు.

తవిటినాయుడు దాన్ని మెల్లగా జోగారావు షెడ్డుకి తోలాడు. పెదగరువులో జోగారావు దగ్గరికి రాని బండి లేదు. బండి వస్తున్న చప్పుడు విని, అది షెడ్డులోకి వచ్చేలోపే కావలసిన పానా చేతిలోకి తీసుకుంటాడని పేరు. అయితే పశువాహిని బండి ఒంటి మీద ఏడు చోట్ల శాఖ వారి లక్క సీళ్లున్నాయి. అందుకని జోగారావు ఏదీ విప్పకుండా, కిందకి దూరి, సందులోంచి చిన్న అద్దం పెట్టి టార్చి వేసి చూశాడు.

"బావా, చక్రాలు ఎంత జోరుగా తిరుగుతున్నాయో గేరుపెట్టెకి కబురు చెప్పే సెన్సారొకటి ఉంటాది. అది బాగానే ఉంది. దాని వైరు మొదట్లో పిన్ను ఉంది సూడు, నీళ్లు దూరి పచ్చగా తుప్పట్టేసింది. కబురు అందట్లేదు. ఎంత జోరుగా పోతన్నామో తెలీక, భయపడి, మూడో గేరు పట్టుకుని కూకుంది."

"ఎంతసేపు పని?"

"పిన్ను తోమడానికి ఐదు నిమిషాలు. టీ తాగడానికి ఐదు నిమిషాలు."

"మరి సీలు?"

జోగారావు బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "సీలు తియ్యమని కాయితం తెచ్చుకో. నీ ఉద్యోగం నా చేత్తో తియ్యలేను."

జిల్లా కేంద్రంలో వాహన ఆరోగ్య విభాగం అని ఒకటుంది. దాని ఉప సంచాలకులు పరాంకుశం గారు. మనిషి చెడ్డవాడు కాదు. ఒక్క కాగితం కూడా ఆయన బల్ల మీద మూడు రోజులకు మించి ఉండదు. తవిటినాయుడు ఫోన్ చేసి, పిన్ను తుప్పు పట్టింది, తోమించుకోవచ్చా అని అడిగితే, ఆయన ఓపిగ్గా విని తొమ్మిదో నంబరు సర్క్యులర్ చదివి వినిపించారు.

"వాహన దోషములను చెవి, ముక్కు, అరచేయి, అనుభవము మొదలగు అశాస్త్రీయ అవయవముల ద్వారా నిర్ధారించరాదు. దోషము విభాగపు స్కానరులో సంకేత సంఖ్య రూపమున వ్యక్తమైనచో మాత్రమే దోషముగా పరిగణింపబడును. స్కానరు ఇక్కడ ఉంది నాయుడు గారూ. వాహనాన్ని తీసుకురండి."

పెదగరువు నుంచి జిల్లా కేంద్రం నూట నలభై కిలోమీటర్లు. మూడో గేరులో తవిటినాయుడికి ఆరు గంటలు పట్టింది. విభాగం ఆవరణలో అప్పటికే నాలుగైదు బండ్లున్నాయి. ఒకదానికి బ్రేకు వేస్తే కీచుమని అరుపు. అరుపుకి సంకేత సంఖ్య లేదు కాబట్టి అరుపు లేదని రాసి పంపేశారు. ఇంకోదానికి పొద్దున్నే బ్యాటరీ దిగిపోతుంది. స్టార్టు అయితేనే స్కానరు పెడతారు, స్టార్టు అయిందంటే దోషం లేదు. ఆ డ్రైవరు నాలుగు రోజులుగా అక్కడే ఉంటున్నాడు, ఆవరణలో తులసి మొక్కకు నీళ్లు కూడా పోస్తున్నాడు.

పరాంకుశం గారు స్వయంగా వచ్చి, అద్దాల బీరువాలోంచి తీయించిన స్కానరు తగిలించారు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివి, తవిటినాయుడు వైపు తిరిగారు.

"ఎక్కడి నుంచి వస్తున్నారు?"

"పెదగరువు నుంచి సార్. నూట నలభై కిలోమీటర్లు."

"వాహనం వేగం సున్నా అని చెబుతోంది. ప్రయాణించిన దూరం సున్నా."

"అదే కదా సార్ దాని జబ్బు."

"నాయుడు గారూ, మనం యంత్రంతో వాదించకూడదు. వాహనం తాను పెదగరువు నుంచి కదల్లేదని స్పష్టంగా నివేదిస్తోంది. కదలని వాహనం ఇక్కడికి వచ్చిందని నేనెలా రాయను?"

"నేనిక్కడే ఉన్నాను కదా సార్."

"మీరున్నారు. అందులో సందేహం లేదు. మీరు బస్సులో వచ్చి ఉండవచ్చు."

"బండి మీద మీరు చెయ్యేసి ఉన్నారు సార్."

పరాంకుశం గారు బండి మీది నుంచి చెయ్యి తీసేశారు. రిజిస్టరు తెప్పించుకుని, 'సదరు వాహనము పరీక్షకు హాజరు కాలేదు' అని రాసి, కింద సంతకం చేసి, తేదీ వేశారు. తవిటినాయుడు ఆ రాత్రి బండిలోనే పడుకుని, తెల్లవారకముందే లేచి మళ్లీ ఆరు గంటలు నడుపుకుంటూ వెనక్కి వచ్చాడు.

పెదగరువు డాక్టరు సుభాషిణి ఆ ఉద్యోగంలో చేరి రెండేళ్లు. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే పశువుల గురించే మాట్లాడుతుంది. అతను తిరిగి వచ్చేసరికి ఆసుపత్రి వరండాలో మంచుపెట్టె పక్కన నిలబడి ఉంది. కొండ మీద గుమ్మడిబండలో గాలికుంటు పడింది. అప్పటికే మూడు దూడలు పోయాయి. మిగిలిన పశువులకు టీకాలు వెయ్యాలి, పెట్టెలో మంచు సాయంత్రం దాకానే ఉంటుంది. అద్దె జీపులో పోదామంటే టీకాల పెట్టె శాఖ వాహనంలో తప్ప ఎక్కకూడదని ఇంకో సర్క్యులర్.

ఇద్దరూ బయల్దేరారు. తొమ్మిది కిలోమీటర్ల ఘాట్, పదకొండు మలుపులు. మొదటి ఎత్తులోనే బండి రొప్పి, వణికి, ఆగిపోయింది. తవిటినాయుడు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

"మేడమ్, రివర్సు గేరు బాగానే ఉంది."

"ఉంటే?"

"ఏటి లేదు. బండిని తిప్పేసి, ఎనక్కి ఎక్కించేద్దుం."

సుభాషిణి రోడ్డు వైపు చూసింది, మంచుపెట్టె వైపు చూసింది. "సరే, తిప్పండి" అంది.

ఆమె వెనక భాగంలో మంచుపెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వెనక అద్దంలోంచి చూస్తూ కుడి, ఎడమ చెప్పింది. ఎవరి కుడి అన్న విషయం రెండో మలుపు దగ్గర తేలింది, అక్కడ కొంచెం గట్టు తగిలింది. తవిటినాయుడు మెడ భుజం మీదుగా వెనక్కి తిప్పి, పైకెక్కేదాకా మళ్లీ ముందుకు తిప్పలేదు. రెండు గంటలు పట్టింది. ఊరి మొదట్లో చిలకమ్మ అనే ముసలామె తన రెండు ఎడ్లనూ పట్టుకుని నిలబడి ఉంది. ఎర్ర లైట్లు వెలిగించుకుని తమ వైపు వీపు పెట్టి వస్తున్న బండిని చూసి ఆమెకు దిగులేసింది.

"ఇంకా రాకుండానే ఎల్లిపోతన్నారేటి బాబూ?"

"వస్తన్నాం అమ్మా. ఇలాగే వస్తాది."

నూట పదహారు పశువులకు టీకాలు వేశారు. ఆ తర్వాత గుమ్మడిబండలో ఒక్క దూడ కూడా పోలేదు. దిగేటప్పుడు మూడో గేరే చక్కగా సరిపోయింది.

ఊళ్లో పంతులు గారు బండి వెనక్కి ఎక్కడాన్ని ఫోనులో తీసి నలుగురికి పంపారు. ఆ నలుగురూ ఇంకో నలుగురికి పంపారు. వారం తిరక్కుండా పరాంకుశం గారు పెదగరువు వచ్చారు. తవిటినాయుడు సంజాయిషీ రాసి జేబులో పెట్టుకుని ఎదురెళ్లాడు. పరాంకుశం గారు అతనికి శాలువా కప్పారు.

"నలభై వాహనాల్లో ఇరవై ఆరింటికి ఇదే ఇబ్బంది ఉన్నట్టు డ్రైవర్ల వల్ల వింటున్నాం. విన్నాం కానీ నమోదు చెయ్యలేదు. నమోదు చేస్తే కొనుగోలు మీద ప్రశ్నలు వస్తాయి. మీరు శాఖను ఒక ధర్మసంకటం నుంచి గట్టెక్కించారు" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే కృతజ్ఞత ఉంది.

"సార్, ఒక్క పిన్ను తోమితే—"

"ఆ దశ దాటిపోయాం నాయుడు గారూ."

నెల రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. దాని పేరు పశ్చాద్గమన విధానం. ఎత్తు ప్రాంతాల్లో పశువాహిని వాహనములన్నియు వెనుకముఖముగా ప్రయాణించవలెను. ప్రజలు తికమక పడకుండుటకై వాహనము వెనుక తలుపుల మీద 'ముందు' అనియు, ముందు అద్దము కింద 'వెనుక' అనియు పెద్ద అక్షరములతో రాయించవలెను. పెద్ద లైట్లు వెనక్కి మార్చారు. మిగతా పద్నాలుగు బండ్లకీ ఏ జబ్బూ లేదు. కానీ పథకంలో ఏకరూపత ఉండాలి కాబట్టి అవి కూడా వెనక్కే పోవాలన్నారు. వెనక్కి పోతున్నంతసేపు ఏ బండికీ ఏ దోషమూ కనిపించలేదు కనుక ఆ నెల నివేదికలో దోషాలు సున్నా అని వచ్చింది. పై నుంచి అభినందన లేఖ వచ్చింది. పదిహేడో నంబరును విధానానికి ఆదర్శ వాహనంగా నమోదు చేశారు.

శిక్షణకు తవిటినాయుడినే పెట్టారు. జిల్లా కేంద్రం మైదానంలో ముగ్గుపిండితో మలుపులు గీసి, మిగతా ముప్ఫై తొమ్మిది మంది డ్రైవర్లకు అతను మెడ ఎలా తిప్పాలో నేర్పాడు. వాళ్లంతా అతన్ని గురువు గారూ అన్నారు. అతనికి సిగ్గేసింది, కొంచెం సంతోషం కూడా వేసింది. ఆ సంతోషం సంగతి తర్వాత ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

మెడ మాత్రం పట్టేసింది. పొద్దున్న లేవగానే కుడి భుజం వైపు తిరిగిపోయి ఉండేది. భార్య పళ్లెం ఆ వైపే పెట్టడం అలవాటు చేసుకుంది. సుభాషిణి విభాగానికి ఉత్తరం రాసింది. మూడో రోజున జవాబు వచ్చింది. 'మెడ అనునది డ్రైవరు స్వంత భాగము. శాఖ సరఫరా చేసిన పరికరము కాదు. కావున మరమ్మతు పరిధిలోనికి రాదు.'

నాలుగో నంబరు బండి డ్రైవరు పేరు ఆదినారాయణ. శిక్షణలో అందరికన్నా శ్రద్ధగా నేర్చుకున్నాడు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం వెనక్కి ఎక్కుతూ, వెనక అద్దం మీద నీళ్లు కారి ఏమీ కనిపించక, కల్వర్టు పక్కన పల్లంలోకి దిగిపోయాడు. కాలు రెండు చోట్ల విరిగింది. విభాగం నివేదికలో, 'ప్రమాద సమయమున వాహనపు ముందు చక్రములు రోడ్డు మీదనే ఉన్నవి' అని రాశారు. అది నిజమే.

తవిటినాయుడు ఆసుపత్రికి వెళ్లాడు. ఆదినారాయణ మంచం మీద కాలు వేలాడదీసుకుని ఉన్నాడు.

"మీరు చెప్పినట్టే తిప్పాను గురువు గారూ. నా తప్పేటో తెలీలేదు" అన్నాడు.

తవిటినాయుడు తాను తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి, కాసేపు కూర్చుని లేచి వచ్చేశాడు. నాలుగో నంబరుకి ఏ జబ్బూ లేదని, అది చక్కగా ముందుకు పోయే బండి అని తవిటినాయుడికి తెలుసు. ఆదినారాయణకీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే సుభాషిణి దగ్గరికెళ్లి, "మేడమ్, నేను సీలు తీయించేస్తాను. మీకు తెలీదని చెప్పండి" అన్నాడు.

ఆమె సొరుగులోంచి తెల్ల కాగితం తీసి, సీలు తన ఆదేశం మీదే తీశారని రాసి, సంతకం చేసి ఇచ్చింది. "తెలీదని ఎందుకు చెప్పాలి?" అంది.

జోగారావు సీలు తీసి, పిన్ను తోమి, కొత్త రబ్బరు తొడిగి, బ్యాటరీ తీగ కాసేపు విప్పి మళ్లీ పెట్టాడు. పలక మీద పళ్లచక్రం బొమ్మ ఆరిపోయింది. చెప్పిన మాట ప్రకారం టీ కూడా ఇప్పించాడు. ఆ రోజు గుమ్మడిబండకు రెండో విడత టీకాలు. తవిటినాయుడు ఒకటో గేరు పడిన చప్పుడు విన్నాడు, తర్వాత రెండోది విన్నాడు. మలుపులన్నీ ఎదురుగా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. సుభాషిణి ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా బయటికి చూస్తూనే ఉంది. రెండేళ్లలో ఆ లోయను ఆమె అంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదట.

ఆరో రోజున మెమో వచ్చింది. బాగుపడిన సెన్సారు తన పని తాను చేసింది. ఏ తేదీన, ఏ గంటకు, ఎంత వేగంతో, ఎంత దూరం ముందుకు వెళ్లారో పూసగుచ్చినట్టు విభాగానికి పంపించింది. 'ఉత్తర్వులకు విరుద్ధముగా సదరు ఆదర్శ వాహనమును ముందుకు నడిపినందులకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో' తెలియజేయమన్నారు.

తవిటినాయుడు జవాబు ఒక్క వాక్యం రాశాడు. 'ముందర రోడ్డు ఉన్నది, అందుచేత ముందుకు వెళ్లితిని.'

విచారణకు సుభాషిణి కూడా వెళ్లింది. పరాంకుశం గారు ఆమె రాసిన కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆయన ముఖం నిజంగా బాధగా ఉంది.

"మరమ్మతు జరిగిందంటున్నారు. దోషమే నమోదు కాలేదు, ఆ రోజు వాహనం హాజరు కాలేదు కనుక. లేని దోషానికి మరమ్మతు ఎలా జరుగుతుంది డాక్టరు గారూ?"

"అయితే జరగలేదనుకోండి."

"అనుకోవచ్చు. కానీ వచ్చే సోమవారం ఇతర జిల్లాల అధికారులు ఆదర్శ వాహనాన్ని పరిశీలించడానికి వస్తున్నారు. అది ముందుకు పోతుంటే వాళ్లకేం చూపించాలి?"

"నాలుగో నంబరు డ్రైవరు కాలు చూపించండి."

పరాంకుశం గారు కిటికీలోంచి ఆవరణలోకి చూశారు. తర్వాత కలం తీసుకుని, క్రమశిక్షణా చర్య అంశాన్ని వాయిదా వేస్తున్నామని, ఈలోగా సదరు వాహనమున దోషమును యథాపూర్వ స్థితికి పునరుద్ధరించవలెనని రాశారు.

పునరుద్ధరణ పని ముందుగా జోగారావుకే ఇవ్వజూపారు, తీసిన చెయ్యి అతనిదే కాబట్టి. జోగారావు కాగితం చదివించుకుని, మడిచి తిరిగి ఇచ్చేశాడు. "బాగుసెయ్యమంటే రమ్మనండి" అన్నాడు.

దాంతో విభాగం తన అధీకృత సాంకేతిక నిపుణుణ్ణి పిలిచింది. ఆయన తెల్ల కోటు వేసుకుని, తాళ్లు కట్టిన పెద్ద పెట్టె తెచ్చుకుని, ఆవరణలో బండి కింద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. సెన్సారు ఎక్కడుంటుందో ఆయనకు తెలీదు. తవిటినాయుడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు. భోజనాల వేళకు ఆయన బయటికి వచ్చి, కోటు దులుపుకుని, దోషం పూర్తిస్థాయిలో పునరుద్ధరించబడిందని ధ్రువపత్రం రాసిచ్చాడు. పరాంకుశం గారు స్వహస్తాలతో కొత్త సీలు వేశారు. స్కానరు పెట్టి చూద్దామని ఎవరూ అనలేదు. ధ్రువపత్రం ఉండగా పరీక్ష చెయ్యడం ధ్రువపత్రాన్ని అవమానించడమే.

సోమవారం అధికారులు వచ్చారు. మెట్ల మీద నిలబడి చూశారు. తవిటినాయుడు పదిహేడో నంబరును వెనక్కి పోనిచ్చి ఆవరణ చుట్టూ తిప్పాడు, గేటు దాకా తెచ్చాడు. వాళ్లు తలలూపారు, ఒకాయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మూడు జిల్లాలు ఆ విధానాన్ని తీసుకోవడానికి సుముఖత తెలిపాయని తర్వాత తెలిసింది. వాళ్లింకా మెట్ల మీద ఉండగానే, ఆవరణలో ఒక పక్కన నిలబడ్డ సుభాషిణి ఫోను మోగింది. పెదగరువు దారిలోనే ఒక ఊళ్లో గేదె పొద్దుట్నుంచీ ఈనలేక అవస్థ పడుతోందట.

ఆమె వచ్చి బండెక్కింది. తవిటినాయుడు అందరూ చూస్తుండగా వెనక్కే గేటు దాటాడు, వెనక్కే రోడ్డెక్కాడు, చింతచెట్ల మలుపు వచ్చేదాకా అలాగే పోయాడు. మలుపు తిరగగానే బండి ఆపాడు. మెడని చేత్తో పట్టుకుని మెల్లగా నిటారుగా పెట్టుకున్నాడు. బండిని తిప్పి, గేరు మార్చి, యాక్సిలరేటరు తొక్కాడు.

వాళ్లు వెళ్లేసరికి గేదె పాకలో పక్కకి పడిపోయి ఉంది. రైతు దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సుభాషిణి చేతులకు తొడుగులు వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి చూసింది.

"వెనక కాళ్లు ముందొస్తున్నాయి నాయుడు గారూ. దూడ వెనక్కి వస్తోంది."

"దానికీ ఉత్తర్వులు అందినట్టున్నాయి మేడమ్."

ఆమె నవ్వలేదు. "తాడు ఇలా ఇవ్వండి. నేను చెప్పినప్పుడు లాగాలి, ఆలస్యమైతే ఊపిరాడదు" అంది.

అతను తాడు అందించాడు. ఆమె రెండు కాళ్లకూ ముడి వేసింది. గేదె నొప్పి తీసినప్పుడల్లా ముగ్గురూ కలిసి లాగారు. నాలుగోసారికి దూడ గడ్డి మీద పడింది. సుభాషిణి దాని ముక్కు తుడిచి, గడ్డిపరకతో లోపల గిలిగింతలు పెట్టింది. అది తుమ్మింది.

"పెయ్య" అన్నాడు రైతు.